తలుపు తట్టి వెళ్ళిన కానుక



క్రిస్మస్ పండుగ సమీపించుచుండగా మా వీపనగండ్ల సంఘపు యౌవనస్థులు ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చిరి. చీట్లు వేసి, ఎవరి పేరు ఎవరికి వచ్చినదో బయటపెట్టక, పండుగనాడు ఒకరికొకరు కానుకలిచ్చుకొనవలెనని వారి కోరిక. "అయ్యగారూ, రెండు వందలకు మించి ఖర్సు పెట్టొద్దని అనుకుంటున్నం. ఏమేం కొనొచ్చో మీరే జెప్పుండ్రి" అని అడిగిరి. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. వారి ప్రశ్న ధరను గూర్చినది. కాని దాని వెనుక మరియొక ప్రశ్న నిలిచియున్నట్లు నాకు తోచెను. కానుక యనగా వస్తువు మాత్రమేనా? ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకరికొకరు ఏమగుదురు?

ఆ వారమే స్వీడను దేశములోని గోథెన్‌బర్గ్ పట్టణమున ఉద్యోగము చేయుచున్న మా అన్నగారి కుమార్తె ఫోనులో మాటలాడుచు అక్కడి క్రిస్మస్ కానుకల సంగతులు చెప్పెను. డిసెంబరు మాసములో అక్కడ మధ్యాహ్నము మూడున్నరకే ప్రొద్దు క్రుంకునట. ప్రతి కిటికీలోను కాగితపు నక్షత్రమొకటి వెలుగుచుండునట. వెదురు బొంగునకు నక్షత్రము కట్టి ఇంటిముందు నిలిపెడు మనకు ఇది వింత కాదు. ఆమె మాటలు విన్న పిమ్మట, సెమినరీ దినములలో ఆంగ్లానువాదమున చదివిన ఆ దేశపు రచయిత్రి సెల్మా లాగర్‌లోఫ్ కథలను పెట్టెలోనుండి తీసి మరల చదివితిని. ఆచారమును, కథను ప్రక్క ప్రక్కన పెట్టి చూడగా నాకు తోచిన విమర్శను ఈ మాసము మీ యెదుట ఉంచుచున్నాను.

స్వీడను మనకు బొత్తిగా పరాయి దేశము కాదు. స్వీడను మిషనరీలు మన తెలుగు సీమకు కాక దక్షిణమున తమిళ దేశములో సేవ చేసిరి. అక్కడి తమిళ లూథరను సంఘమునకు 1921లో మొదటి బిషపుగా నియమింపబడిన ఎర్నెస్ట్ హ్యూమన్‌గారు స్వీడను దేశస్థుడే. ఆ దేశపు గృహోపకరణముల అంగడి ఇండియాలో మొట్టమొదట తెరవబడినది మన హైదరాబాదులోనే, 2018 ఆగష్టులో. కావున వారి సరకులు మన యిండ్లకు వచ్చుచున్న దినములలో వారి ఆచారములలోని మంచిచెడ్డలు మనము విచారించుట తప్పు కాదు.

స్వీడను భాషలో క్రిస్మస్ కానుకను 'యూల్‌క్లాప్' అందురు. 'యూల్' అనగా క్రిస్మస్. 'క్లాప్' అనగా తట్టుట. ఆ పేరులోనే దాని చరిత్ర యున్నది. పూర్వము ఆ దేశపు జనులు క్రిస్మస్ కాలమున చీకటివేళ పొరుగువాని తలుపు తట్టి, తెరచీ తెరవకమునుపే కానుకను లోపలికి విసరి, పట్టుబడకుండ పరుగెత్తిపోవుచుండిరి. ఆ వస్తువు తరచుగా విలువైనది కాదు. ఒక గడ్డిబొమ్మయో కట్టెమొద్దో యుండును. దానితోకూడ చీటిమీద ఒక చిన్న పద్యముండును. అది ఆ యింటివానినే ఉద్దేశించి, అతని గుణమునో లోపమునో చమత్కారముగా ఎత్తిచూపుచు వ్రాయబడినది. కాలక్రమమున మొద్దులు పోయి మంచి వస్తువులు వచ్చెను. మూటలకు లక్కముద్రలు వేయుట వాడుకయ్యెను. పద్యము మాత్రము మిగిలెను. క్రిస్మస్ ముందటి రాత్రి కుటుంబమంతయు కూర్చుండి, మూట విప్పకమునుపు దానిమీది పద్యము చదివి, లోపల ఏమున్నదో ఊహించుట నేటికిని అనేక గృహములలో జరుగుచున్నది.

కానుకలు తెచ్చువానిని గూర్చిన కథ మరియొకటి. పూర్వము ఆ పని మేకదని చెప్పుకొనెడివారు. ఒకడు మేకవలె వేషము వేసికొని ఇల్లిల్లు తిరుగును. ఇప్పుడు ఆ మేక గడ్డితో చేయబడి అలంకారముగా మాత్రము నిలిచియున్నది. యేవ్లె అను పట్టణములో 1966 నుండి గొప్ప గడ్డిమేకను నిలుపుచున్నారు. దానికి అగ్గి పెట్టుట కొందరికి ఆట. మొదటి సంవత్సరపు మేకయే కాలిపోయెను, ఆ తరువాతివి కూడ అనేకములు బూడిదయ్యెను. మేక తరువాత వచ్చినవాడు 'తోమ్తె'. ఇతడు మొదట కానుకలిచ్చువాడు కాడు, పుచ్చుకొనువాడు. ఇంటిని, పశువులను కాచు పొట్టి ముసలివాడని నమ్మి, పండుగ రాత్రి అతనికొక గిన్నెడు జావలో వెన్న వేసి పెట్టుచుండిరి. మరచినయెడల కీడు చేయునని భయము. పొలిమేర దేవతకు పెట్టవలసినది పెట్టనియెడల ఏమగునో యని దిగులుపడు పొరుగువారిని మనమెరుగుదుము గదా! 1881లో విక్టర్ రిడ్‌బర్గ్ అను కవి ఈ ముసలివానిమీద ఒక పద్యము ప్రకటించెను. జెన్నీ నీస్ట్రోమ్ అను చిత్రకారిణి దానికి బొమ్మలు వేసెను. అటుతరువాత అతడు ఎఱ్ఱటోపీతో, తెల్లగడ్డముతో, కానుకల మూటతో వచ్చు దయగల తాత యాయెను. ఇంటిలోనివాడే ఒకడు ఆ వేషము వేసికొని, తలుపు తట్టి, ఇక్కడ బుద్ధిగల పిల్లలెవరైన ఉన్నారా యని అడుగుట ఆచారము.

ఇక మూడవది నేటి సంగతి. 1988 నుండి ఆ దేశములోని వర్తక పరిశోధన సంస్థ యొకటి ప్రతి సంవత్సరము 'ఈ యేటి క్రిస్మస్ కానుక' యని ఒక వస్తువును ప్రకటించుచున్నది. మొదటి సంవత్సరము రొట్టె చేయు యంత్రము. 2009లో మేకుల చాప! మన సన్న్యాసుల ముండ్ల పడకను చలిదేశమువారు నడుమునొప్పికి కొనుక్కొనిరన్నమాట. 2018లో తిరిగి వాడుకకు తెచ్చిన పాతబట్ట. 2019లో, ఇంటివారందరు తమ సెల్‌ఫోనులను కొంతసేపు లోపల పెట్టి మూయుటకొక పెట్టె. 2022లో చేతితో అల్లిన ఉన్నిబట్ట. ఈ పట్టికను చూచిన నాకు జాలియు నవ్వును కలిగెను. ఏమి కొనవలెనో వర్తకులు చెప్పగా వినుచు వినుచు, కడకు ఆ జనులు చేతితో అల్లిన బట్టయొద్దకును, ఫోను మూసిపెట్టి ఒకరి ముఖమొకరు చూచుకొనుటయొద్దకును తిరిగి వచ్చిరి.

ఇప్పుడు వీటిని తూచి చూతము. తలుపు తట్టి పారిపోవుటలో ఒక గొప్ప సత్యమున్నది: ఇచ్చువాడు మరుగుపడవలెను. పద్యము వ్రాయుటలో రెండవ సత్యమున్నది: పుచ్చుకొనువాడు ఎరుగబడవలెను. ఎవనికైనను సరిపోవు వస్తువును అంగడిలో కొనవచ్చును, కాని ఒకని మీద రెండు పంక్తులు వ్రాయవలెనన్న అతడెవడో, దేనికి నవ్వునో, దేనికి నొచ్చుకొనునో తెలిసియుండవలెను. ఈ రెండును కలిసిన చోట కానుక కానుకగా నుండును. తోమ్తె అడుగు ప్రశ్న మాత్రము నాకు రుచింపదు. బుద్ధిగల పిల్లలకే యిచ్చునది కూలి గాని కానుక కాదు. మన ప్రభువు బేత్లెహేమునకు వచ్చునప్పుడు అక్కడ మంచివారెవరైన ఉన్నారా యని విచారించి రాలేదు. ఎఱ్ఱకోటు, దూదిగడ్డము తగిలించుకొని మన సంఘములలో చాకలెట్లు పంచు యౌవనస్థుడు కూడ తరచుగా ఇదే ప్రశ్న అడుగుచున్నాడు. అడుగవద్దని అతనికి మెల్లగా చెప్పుడి.

ఇక సెల్మా లాగర్‌లోఫ్ కథకు వత్తును. ఈమె 1858లో జన్మించి, 1909లో సాహిత్యమునకై నోబెల్ బహుమానము పొందెను. ఆ బహుమానము పొందిన స్త్రీలలో ఈమెయే మొదటిది. 1904లో ప్రచురింపబడిన ఈమె 'క్రీస్తు పురాణకథలు' అను గ్రంథములో 'పవిత్ర రాత్రి' యను కథ యున్నది. క్రిస్మస్‌నాడు ఇంటివారందరు దేవాలయమునకు పోగా, పోలేని ముసలి అవ్వ పోలేని చిన్న మనుమరాలికి చెప్పిన కథ యిది.

ఒక మనుష్యుడు చీకటిలో బయలుదేరి, అప్పుడే ప్రసవించిన తన భార్యకును శిశువునకును వెచ్చదనముకొరకు నిప్పు ఇమ్మని గుడిసె గుడిసెకు పోయి తలుపు తట్టును. అందరు నిద్రలో నున్నారు, ఒక్కరును పలుకరు. దూరమున ఒక మంట కనబడును. అక్కడ గొఱ్ఱెలు పండుకొనియుండగా ముసలి కాపరి యొకడు కావలి కాయుచుండెను. కాపరి కుక్కలు లేచి నోళ్లు తెరచును గాని మొరుగు వినబడదు. కరువబోవును గాని పండ్లు దిగవు. కాపరి కఱ్ఱ విసరును, అది ప్రక్కకు తొలగిపోవును. నిప్పు అడుగగా, కాపరి అతనియొద్ద పారయైనను పాత్రయైనను లేదని చూచి, కావలసినంత తీసికొమ్మనెను. అతడు ఎట్లును తీసికొనిపోలేడని ముసలివాని యెత్తు. ఆ మనుష్యుడు వట్టి చేతులతో నిప్పులు తీసి బట్టలో వేసికొని పోవును, చేతులు కాలవు. ఇదేమి రాత్రి యని ఆశ్చర్యపడి కాపరి అతని వెంట పోయి, ఇల్లు లేక చల్లని రాతిగుహలో పండుకొనియున్న తల్లిని బిడ్డను చూచును. మనస్సు కరుగును. తన సంచిలోని మెత్తని తెల్లని గొఱ్ఱెతోలు తీసి బిడ్డక్రింద పరచుమని యిచ్చును. అప్పుడు అతని కన్నులు తెరువబడి, చుట్టును దేవదూతలుండుట చూచును.

ఈ కథను పండుగ దినములలో చదువుకొనువారు అనేకులు అద్భుతములనే చూతురు. నేను చూడుమని కోరునది ఆ కాపరి యిచ్చిన రెండు కానుకలను. మొదటిది నిప్పు. అది అతనియొద్ద సమృద్ధిగా నున్నది. తన మంటయొద్దనే కూర్చుండి, కదలకయే, ఎదుటివాడు దానిని ఎట్లు మోసికొనిపోవునో చింతింపకయే యిచ్చెను. ఆ కానుక అవసరమైనదే. బిడ్డకు వెచ్చదనము నిచ్చినదే. కాని ఇచ్చినవానికి దానివలన ఏ వెలుగును రాలేదు. రెండవది గొఱ్ఱెతోలు. దానిని ఇయ్యకమునుపు అతడు తన మంటను విడిచి, చీకటిలో నడిచి, పుచ్చుకొనువాని యింటికి పోయి, అక్కడి రాయి ఎంత చల్లగా నున్నదో చూచెను. రచయిత్రి దీనిని ఎక్కడను బోధించి చెప్పదు. అదే ఆమె గొప్పతనమని నా తలంపు.

దీనిలో ఒక లోపమును గూడ చెప్పక తప్పదు. లూకా సువార్త రెండవ అధ్యాయములో దూత ముందుగా కాపరులయొద్దకు వచ్చును, కాపరులు పిదప బయలుదేరుదురు. కృప ముందు, మన నడక తరువాత. ఈ కథలో క్రమము తలక్రిందులైనట్లు కనబడును. దయ చూపినందుకు బహుమానముగా కన్నులు తెరువబడినవని పిల్లలు అర్థము చేసికొనవచ్చును. అట్లయిన తోమ్తె అడిగిన ప్రశ్నయే మరల వచ్చినట్లు. ఐనను రచయిత్రికి న్యాయము చేయవలెను. కుక్కల నోళ్లు మూయబడినప్పుడు, విసరిన కఱ్ఱ తొలగినప్పుడు, ఆ ముసలివాడు ఇంకను కఠినుడే. వాని దయకు ముందే ఆ రాత్రి వానిచుట్టు పనిచేయుచుండెను. బోధకుడు ఈ కథ చెప్పునప్పుడు ఈ సంగతిని విప్పి చెప్పినయెడల లోపము తీరును.

ఇప్పుడు మన సంగతి. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, మహబూబ్‌నగరు ప్రాంతములలో మిషనరీల కాలమునుండి మన పెద్దలకు కానుక యనగా బంగళానుండి వచ్చునది. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప క్రిస్మస్ కాలమున ప్రభుత్వము బీదలైన క్రైస్తవులకు బట్టల సంచులు పంచినది. వాటిని నేను తృణీకరింపను. పండుగనాడు కొత్త బట్ట కట్టుకొన్నవారి సంతోషము నేను కన్నులార చూచితిని. ఐతే మనకు తెలియకయే ఒక అలవాటు పడినది. ఇచ్చువాని పేరు మైకులో వినబడును, పుచ్చుకొనువాడు పట్టికలో ఒక అంకె యగును. యూల్‌క్లాప్‌కు ఇది సరిగా వ్యతిరేకము. దానము చేయునప్పుడు బూర ఊదించుకొనరాదని కొండమీద బోధించిన ప్రభువు మన మైకులను చూచినయెడల ఏమనును?

నేను ఇతరులను నిందించుటకు వ్రాయుట లేదు. కొన్ని సంవత్సరముల క్రిందట పట్టణమునుండి ఒక దాత నా ద్వారా నలుబది కంబళ్లు పంపెను. నేను పందిరి వేయించి, మైకు పెట్టించి, వృద్ధుల పేర్లు ఒక్కటొక్కటిగా పిలిచి, ఒక్కొక్కరికి కంబళి చేతికిచ్చి ఫోటో తీయించితిని. ఫోటోలు దాతకు పంపవలెను గదా! ముప్పదితొమ్మిదిమంది వచ్చిరి. ఒక విధవరాలైన అవ్వ రాలేదు. మూడుమార్లు పేరు పిలిచితిని. మరునాడు ఆమె యింటికి పోయి, "అవ్వా, పేరు పిలిస్తే రాలేదేమి?" అని కొంత కోపముగానే అడిగితిని. ఆమె వాకిట వేరుసెనగకాయ ఒలుచుచు తల యెత్తకయే, "అయ్యగారూ, సలి నాకు ఇంట్ల పెడ్తది గని స్టేజి మీద పెడ్తదా?" అనెను.

నాకు జవాబు లేకపోయెను. దానికంటె ఎక్కువగా నన్ను సిగ్గుపరచినది మరియొకటి. నేను ఆ వాకిట నిలిచియున్నంతసేపు ఆమె కుక్క నన్ను చూచి మొరుగుచునే యుండెను. ఆరేండ్లుగా నేను ఆమెకు కాపరిని. ఆమె కుక్కకు నేనెవరో తెలియదు.

ఆ యేడంతయు వారమునకొకమారైనను ఆమె వాకిట కూర్చుంటిని. ఆమె కుమారుడు పాలమూరు కూలీలందరివలె దూరదేశమున మట్టిపనికి పోయెననియు, రాత్రివేళ ఆమెకు చలికంటె ఒంటరితనమే ఎక్కువ బాధయనియు అప్పుడు తెలిసికొంటిని. మరుసటి క్రిస్మస్‌కు మన సీమ గొఱ్ఱెల ఉన్నితో నేసిన గొంగడి ఒకటి కొని, పండుగకు రెండు దినముల ముందు రాత్రి ఆమె గడపమీద పెట్టి, తలుపు తట్టి, యాబదియేండ్ల వయస్సులో చిన్నపిల్లవానివలె సందులోనికి పరుగెత్తితిని. పండుగనాడు ఆమె ఆ గొంగడి కప్పుకొని వచ్చెను. ఆరాధన ముగిసి వెళ్లునప్పుడు నాయొద్ద ఆగి, "మొన్న రాత్రి ఎవరో తలుపు గొట్టిపోయిండ్రు అయ్యగారూ. కుక్క మొరగలే. ఎప్పుడు వచ్చెటోళ్లే అయ్యుంటరు" అని చెప్పి, నవ్వి, వెళ్లిపోయెను.

ఇది వ్రాయుటచేత నేనే బూర ఊదుకొనుచున్నానని ఎవరైన అనవచ్చును. అందుకే ఇన్నాళ్లు చెప్పలేదు. ఆ అవ్వ ఇప్పుడు ప్రభువునందు నిద్రించినది. నా తప్పు చెప్పవలెనన్న గొంగడి మాట కూడ చెప్పక తీరలేదు. చదువరులు తప్పును జ్ఞాపకముంచుకొని గొంగడిని మరచిపోదురుగాక. నేను నేర్చుకొన్నది ఇది: రహస్యముగా ఇచ్చుట పరాయివానివలన కాదు. ఏడాదంతయు ఆ వీధికి పోనివాడు పండుగరాత్రి చీకటిలో పోయినయెడల కుక్క మొరిగి వీధిని లేపును. మరుగుపడి ఇయ్యగోరువాడు ముందు ఆ యింటికి తెలిసినవాడై యుండవలెను.

యౌవనస్థులకు నేను కడకు చెప్పిన జవాబు కూడ వ్రాయుదును. ఇతర సంఘములవారికి ఉపయోగపడవచ్చును. రెండువందల రూపాయల హద్దు ఉండనిండు. దానితోకూడ మరియొక నియమము పెట్టుడి: చీటిలో ఎవరి పేరు వచ్చినదో ఆ యింటికి, ఏమియు కొనకమునుపు, ఒకమారు పోయి కాసేపు కూర్చుండి రావలెను. చీట్లలో మీ పేర్లే కాక వృద్ధుల పేర్లు, వలస పోయినవారి యింటివారల పేర్లు కూడ వేయుడి. పోయి చూచినయెడల ఏమి కొనవలెనో నన్ను అడుగ నక్కరలేదు. ఒక తాత కండ్లద్దాలు పగిలి నెలల తరబడి బైబిలు తెరువలేదని కనుగొందురు, బాగుచేయించుడి. ఒకామె వేరుసెనగ చేనిలో కలుపు నిండియుండును. మీరు నలుగురు ఒక పూట పోయి తీయుడి, అది రూపాయి ఖర్చులేని కానుక. కొడుకుతో మాటలాడగోరు తల్లికి ఫోను రీచార్జి చేయించి, పుణెలోనో హైదరాబాదులోనో ఉన్న వానిని ఫోనులో పిలిచి ఆమె చేతికిచ్చి, మీరు బయటికి పోయి నిలువుడి. ప్రతి కానుకమీదను ఆ మనిషిని గూర్చి రెండు పంక్తులు కట్టి వ్రాయుడి. నాట్లలోను కలుపులలోను పాట అల్లిన తల్లుల బిడ్డలకు ఇది కష్టమా? క్రింద మీ పేరు మాత్రము వ్రాయకుడి.

ఒక యౌవనస్థుడు, "అయ్యగారూ, పేరు లేకుంటే ఎవరిచ్చిండ్రో ఎట్ల తెలుస్తది?" అని అడిగెను. తెలియవలసినవారికి తెలియునని చెప్పితిని.

మన ప్రభువు కూడ మన లోకమునకు అట్లే వచ్చెను. దూరమునుండి పంపి ఊరకుండలేదు. మన చల్లని రాతి గుహలోనికి తానే వచ్చి, ముప్పదియేండ్లు నజరేతు వీధిలో పేరు లేనివాడై నివసించెను. లవొదికయ సంఘమునకు వ్రాయబడిన లేఖలో ఆయన ఇంకను తలుపు వెలుపల నిలిచినవానిగానే కనబడును. ఈ పండుగ రాత్రులలో మన యింటి తలుపు ఎవరైన తట్టినయెడల నిప్పు అడుగవచ్చినవారో, కానుక విడిచిపోవువారో తెలిసికొనుటకు ముందే, ప్రియులారా, లేచి తెరువుడి.